గడప దాటని చేప

మా అత్తగారు స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని, చేతిలో పట్టకారుతో, పట్టకారులో చేపతో, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడ్డ ఫోటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. అది చుట్టాల్లో ఎవరికీ పంపకూడదని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకున్నారు. పంపలేదు. దాని వెనకున్న సంగతి చెప్పకూడదని మాత్రం ఒట్టు వేయించుకోలేదు కాబట్టి చెబుతున్నాను.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఇల్లు. మామగారికి కొట్టు ఉంది. మా ఆయన బెల్లం దిమ్మల మధ్య బతకనని చెప్పి పరవాడలో మందుల కంపెనీలో చేరారు. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాల వేళకే దర్శనం. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా పుట్టింట్లోనూ శాకాహారమే. కప్పల్ని కోసే చదువు చదివానన్న ఒక్క మచ్చ తప్ప నా మీద వేరే మచ్చ లేదు. పెళ్ళిచూపుల్లో అత్తగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "కప్పని కోసేక చేతులు దేంతో కడుక్కునేదానివమ్మా?" సబ్బుతో అన్నాను. "ఒక్కసారేనా?" అన్నారు. రెండుసార్లు అని అబద్ధమాడాను. సంబంధం కుదిరింది.

ఆ ఇంట్లో చేప సంగతి దేవుడెరుగు, గుడ్డు వేసిన కేకు కూడా గడప దాటదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందరికన్నా బాగా తెలిసినది చేపలమ్మే ఆవిడకి. ఆవిడ పూడిమడక నుంచి పొద్దున్నే ఆటోలో దిగి, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి మొదట్లో "సేపలో... కవళ్ళూ, నెత్తళ్ళో!" అని కేక అందుకుంటుంది. ఆ కేకకి మూడు వీధుల పిల్లులు లేస్తాయి. మా ఇంటికి ముందున్న కరెంటు స్తంభం దాకా వచ్చి ఠక్కున నోరు మూసేస్తుంది. మా గేటు, మాలాగే కోమట్లవైన పక్కిళ్ళు రెండూ దాటి, టైలరు కొట్టు దగ్గర ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే మళ్ళీ అందుకుంటుంది. ఇలా చెయ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ అత్తగారు బుట్టతో పాటు ఈ పద్ధతి కూడా అప్పజెప్పి వెళ్ళిందట. మా అత్తగారూ ఆవిడా ఏళ్ళ తరబడి రోజూ ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నారు. ఒక్క మాటా లేదు.

ఇక గద్ద సంగతి. మా పక్క ఖాళీ స్థలంలో ఒక నీలగిరి చెట్టు ఉంది. దాని కొమ్మలు మా మేడ అంచు మీదకి వంగి ఉంటాయి. బెల్లం సీజన్ జోరు మీదున్న చలి రోజుల్లో ఒక జత గద్దలు ఆ చెట్టు మీదకి పుల్లలు మొయ్యడం మొదలుపెట్టాయి. పుల్లలే కాదు, కట్టుడు తీగలు, గోనె పీలికలు, పాలిథిన్ సంచులు, ఏది దొరికితే అది. గద్దకి గూడంటే కట్టడం కాదు, పోగెయ్యడం. కొందరి ఇళ్ళు చూస్తే నాకు ఆ గూడే గుర్తొస్తుంది.

అత్తగారు మేడ మీద బట్టలారేస్తూ వాటిని చూశారు. ఆ వేళ శనివారం కూడానూ. వెంటనే చెంపలేసుకుని, కళ్ళు మూసుకుని దండం పెట్టి, కిందికొచ్చి ప్రకటించారు. "మనింటి పక్కని గరుత్మంతుడు దిగేడే!"

నేను ఊరుకోవచ్చు. ఊరుకునే గుణమే ఉంటే లెక్చరర్ ఎందుకవుతాను? చెయ్యి పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్ళి పాఠం మొదలెట్టాను. "అత్తయ్యా, గరుడ పక్షికి తల, మెడ, ఛాతీ తెల్లగా ఉంటాయి. ఒళ్ళు ఇటుక రంగు. తోక చివర గుండ్రంగా ఉంటుంది. ఇది చూడండి, ఒళ్ళంతా మట్టిరంగు, తోక చేప తోకలా చీలి ఉంది. ఇది మామూలు గద్ద. చేపల బజారు మీద తిరిగేదే." అక్కడితో ఆపినా బాగుండేది. తెలిసినదంతా చెప్పెయ్యాలన్న దురద నాకు. "గరుడ పక్షి పిల్లలు మాత్రం మొదట్లో ఇలాగే మట్టిరంగులో ఉంటాయి. చాలామంది పొరబడతారు. పెరిగాకే తెల్లబడతాయి" అన్నాను.

"అదీ! అలాగ చెప్పు" అన్నారు అత్తగారు. "ఇది ఇంకా చిన్నది. పెరిగితే తెల్లబడతాది."

"చిన్నవి గూడు కట్టవు అత్తయ్యా."

"దీనికి తొందర."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఇదే. ఆ తర్వాత నేనేం చెప్పినా ఆవిడ దగ్గర సమాధానం ఉండేది. ఆరేసిన మడి తువ్వాలు మాయమై, ఎర్ర అంచుతో సహా గూటిలోంచి వేలాడుతూ కనిపించినప్పుడు, మాలో ఎవరికైనా దాని కొస తగిలినా మళ్ళీ తడిపే మనిషి, "స్వామికి పరుపు కావాలి గాబోలు" అని మురిసిపోయారు. గద్దలు గూట్లో మెత్తగా ఉండడానికి గుడ్డలు పరుచుకుంటాయనీ, అందులో భక్తి లేదనీ చెప్పాను. వినిపించుకోలేదు. గుమ్మడి వడియాలు పెట్టి ఎండలో ఆరబోస్తే, వాటి నడిమధ్య సగం తిన్న చేప తల ఒకటి పైనుంచి పడింది. ఆవిడ ముక్కు మూసుకుని, ఆ వడియాలన్నీ పారబోయించి, "ఈ కాకులకి బుద్ధి లేదు" అన్నారు. కాకి పైన కూర్చుని ఉంటే కదా! గూటి అంచున గద్ద ముక్కు తుడుచుకుంటూ మా ఇద్దరి వైపే చూస్తోంది.

గద్దల కాపురం చూడ్డానికి ముచ్చటగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. గుడ్లు పెట్టాక ఆడది గూడు వదలదు. మగది తిండి తెచ్చి అందిస్తుంది. తెచ్చేటప్పుడు సన్నగా ఈలలాంటి కూత, చివర్లో వణుకు. ఆ కూత వినగానే ఆడది గూట్లో లేచి నిలబడుతుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కాలంటే రెండు చోట్ల ఆగాలి. అయినా రోజూ సాయంత్రం కాఫీ గ్లాసుతో పైకెళ్ళి, గూడు కనిపించేలా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "ఆయన వేళకి వచ్చేడు" అని కిందికొచ్చి చెప్పేవారు. మామగారు కొట్టు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు ఈ మాట కాస్త గట్టిగా వినిపించేది.

గుడ్లు పిల్లలయ్యేసరికి తల్లిగద్దకి మేడ మీదకొచ్చే ప్రతి తలా శత్రువైపోయింది. మామగారు నీళ్ళ ట్యాంకు చూద్దామని పైకెళ్ళి, బట్టతల మీద ఎర్రటి గీతతో కిందికొచ్చారు. "మనిషిని పెట్టి ఆ గూడు తీయించేత్తాను" అని అరిచారు.

"గరుత్మంతుడు తల నిమిరేడంటే ఎంత పుణ్యమో మీకు తెలీదు" అన్నారు అత్తగారు.

"నిమరలేదే, గీరేడు!"

పిల్లలున్న గూడు ముట్టుకోకూడదనీ, చట్టం కూడా ఒప్పుకోదనీ నేను అడ్డుపడ్డాను. అప్పుడు మా ఆయన స్కూటర్ హెల్మెట్ తెచ్చి మెట్ల దగ్గర మేకుకి తగిలించారు. ఆ రోజు నుంచి మేడ మీదకి ఎవరు వెళ్ళినా హెల్మెట్ పెట్టుకునే వెళ్ళారు. మా పనిమనిషి బట్టలారేస్తుంటే చూసి, పక్కింటివాళ్ళు మా మేడ మీద రాళ్ళు పడుతున్నాయేమో అనుకున్నారట.

ఏప్రిల్లో, నాకు సెలవులిచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చింది. పట్టుమని పావుగంట లేదు. ఆ పావుగంటలోనే నీలగిరి కొమ్మ ఫెళ్ళుమని విరిగింది. గాలి తగ్గాక పైకెళ్ళి చూస్తే, గూడు సగం మా మేడ మీద, సగం కింద తుప్పల్లో ఉంది. పుల్లలు, తీగలు, అత్తగారి తువ్వాలు, కంపెనీవాళ్ళు మెళ్ళో వేసుకునే నీలం పట్టీ ఒకటి. గూట్లో రెండు పిల్లలుండేవి. తుప్పల్లో పడ్డది బతకలేదు. రెండోది పిట్టగోడ మూల తువ్వాలు ముడతల్లో ఉంది. సగం నూగు, సగం ఈకలు, తడిసి ముద్దయి, నన్ను చూడగానే వెల్లకిలా పడి రెండు కాళ్ళూ ముందుకు చాపి గోళ్ళు చూపించింది. అంత గాలి దాటి వచ్చాక కూడా దానికి ఆ పౌరుషం ఉండడం చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అటవీశాఖవాళ్ళకి ఫోన్ చేశాను. దెబ్బలేమీ లేకపోతే గూడున్న చోటికి దగ్గరగా ఎత్తులో పెట్టండి, తల్లి వచ్చి చూసుకుంటుంది, రాకపోతే మళ్ళీ ఫోన్ చెయ్యండి అన్నారు. కొట్లోంచి పాత వెదురు తట్ట తెచ్చి, పుల్లలు పరిచి, పిల్లని అందులో పెట్టి, ట్యాంకు కింది గట్టు మీద ఉంచాం. పెద్ద గద్దలు రెండూ దూరంగా సెల్ టవర్ మీద కూర్చుని కూస్తూనే ఉన్నాయి. దగ్గరకి మాత్రం రాలేదు. చెట్టు రూపం మారిపోయింది, గూడు లేదు, వాటికి ఏం అర్థమైందో ఏమో.

"వాళ్ళొచ్చేదాకా మనం ఏదో ఒకటి పెట్టాలి కదే" అన్నారు అత్తగారు.

"పెట్టాలి. చేపో, మాంసమో" అన్నాను.

ఆవిడ నన్ను కప్పని కోసినదాన్ని చూసినట్టే చూశారు. "అమృతం తెచ్చినవాడు చేప తినడమేటి?"

"పాముల్ని తింటాడు కదా అత్తయ్యా."

"పాము వేరు, చేప వేరు."

ఇక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తనకి తెలిసిన బలమంతా బయటికి తీశారు. ముందు పెరుగన్నం. పిల్ల చూడలేదు. నానబెట్టిన పెసరపప్పు. చూడలేదు. చివరికి వెండి గిన్నెలో బెల్లం నీళ్ళు తెచ్చి, దూదితో ముక్కు చివర తడిపారు. "బెల్లం వద్దనే ప్రాణి ఈ ఊళ్ళో పుట్టలేదే" అన్నారు ధీమాగా. పిల్ల తల విదిలించుకుంది. ఆ చుక్కలు ఆవిడ కళ్ళజోడు మీద పడ్డాయి. నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుందని నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నేను చికాకు పడ్డాను, ఆవిడా చికాకు పడ్డారు. ఇద్దరం కిందికి దిగాం.

మర్నాడు పొద్దున్నకి పిల్ల గోళ్ళు చూపించలేదు. మెడ వాల్చి, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. వెల్లకిలా పడ్డానికి కూడా ఓపిక లేదు దానికి. నాకు భయం వేసింది. అత్తగారు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని ఎదురుగా చాలాసేపు కూర్చున్నారు. పెద్ద గద్ద వచ్చి తన్నుతుందేమో అని నేను చెబుతున్నా వినలేదు. తర్వాత లేచి, "ఆవిడ వచ్చే వేళయిందా?" అన్నారు.

"ఎవరు?"

ఆవిడ మెట్లు దిగి గేటు దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు. వీధి మొదట్లో కేక వినిపించింది. "సేపలో... కవళ్ళూ..." కేక స్తంభం దాకా వచ్చింది, ఆగిపోయింది. చేపలావిడ అలవాటు ప్రకారం తల వంచుకుని, పెదాలు బిగించి, మా గేటు దాటబోతోంది.

"ఓలమ్మా, ఆగు" అన్నారు అత్తగారు.

చేపలావిడ ఉలిక్కిపడింది. బుట్ట జారబోతే రెండు చేతులా పట్టుకుంది. "నానేటీ అన్నేదు సావుకారమ్మా! ఈ గుమ్మం కాడ నోరిప్పనేదు. మా అత్త కాలం నుంచీ ఇప్పనేదు. నీళ్ళేటైనా కారేయా? సెప్పండి, కడిగేత్తాను."

"కారలేదే తల్లీ. నాకు చేపలు కావాలి."

చేపలావిడ మా అత్తగారి మొహం చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ అత్తగారి మొహం చూసింది. "ఎవలికమ్మా?"

"పైనున్నవాళ్ళకి."

"పైన అద్దెకి దించేరేటి?"

నేను నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పాను. ఆవిడ బుట్ట దింపి మా గేటు బయట చతికిలబడింది. ఏ చేప ఇమ్మంటారని అడిగింది. అత్తగారు చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నాకేటి తెల్సు? మెత్తనిది, ముళ్ళు లేనిది ఇయ్యి. పసిది" అన్నారు.

"ముళ్ళు కావాలి అత్తయ్యా, వాటితోనే ఎముకలు గట్టిపడతాయి" అన్నాను నేను.

"ముళ్ళు కావాలన్న బేరం ఇన్నాళ్ళకి ఇదే సూడ్డం" అంటూ చేపలావిడ కవళ్ళు రెండు తీసి, కత్తిపీట మీద వేలెడంత ముక్కలు చేసి అరటాకులో పెట్టింది.

సరిగ్గా అప్పుడే మామగారు కొట్టుకి వెళ్ళబోతూ వాకిట్లోకి వచ్చారు. గేటు దగ్గర చేపల బుట్ట, బుట్ట ముందు భార్య, భార్య పక్కన అరటాకు పట్టుకున్న కోడలు. ఆయన చేతిలో గొడుగు జారి కింద పడింది.

"మా నాన్న కట్టిన ఇల్లిది. ఈ గడప చేప దాటలేదు" అన్నారు.

"ఇప్పుడూ దాటదు" అన్నారు అత్తగారు. "మెట్లు ఎక్కడున్నాయి?"

"బయట."

"బయటి మెట్లెక్కి పైకెళ్తే గడప ఎక్కడ దాటినట్టు? కిందంతా మీది. పైన స్వామిది. మీరు కొట్టుకెళ్ళండి."

మామగారు వ్యాపారంలో ఎంతటి బేరగాణ్ణయినా ఒప్పించగల మనిషి. ఆ పూట బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయారు. కాసేపటికి గొడుగు తీసుకుని, ఎండకాలం కదా అని అది తెరిచి, నీడలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

పైకెళ్ళాక పని నాదే అనుకున్నాను. పట్టకారుతో ముక్క పట్టుకుని పిల్ల ముక్కు ముందు పెట్టాను. అది చూడలేదు. ముక్కుకి ఆనించాను, ఆడించాను. వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాను. అయినా పట్టు వదల్లేదు. పిల్ల కళ్ళు మూసుకుంది. చదివిన చదువంతా తలచుకున్నాను. అడవి పిట్ట తానుగా నోరు తెరవాలి, బలవంతం చేస్తే ప్రాణానికే ముప్పు. నోరు ఎలా తెరిపించాలో మాత్రం తోచలేదు. "ఇది బతకదేమో అత్తయ్యా" అన్నాను. నిజంగానే నాకు ఏడుపొచ్చేసింది.

"ఇలాగియ్యి" అని అత్తగారు హెల్మెట్ పెట్టుకుని పట్టకారు అందుకున్నారు. ఆవిడ చేతిలో చేప! నేను ఫోటో తీసింది అప్పుడే. ఆవిడ తట్ట మీదకి వంగి, నోరు సున్నాలా చుట్టి, "కీ...ర్ర్ర్ర్" అన్నారు. గద్ద కూత. సన్నగా మొదలై చివర వణికే ఆ మగగద్ద కూత. నెలల తరబడి రోజూ సాయంత్రం కాఫీ తాగుతూ విన్నది కదా, ఆ వణుకు కూడా అచ్చం దిగింది. పిల్ల ఒక కన్ను తెరిచింది. ఆవిడ మళ్ళీ కూశారు. పిల్ల మెడ లేచింది. మూడోసారి కూసేసరికి ఎర్రటి నోరు ఇంత చేసి తెరిచి, ముక్క లాక్కుని మింగేసింది. పట్టకారు కూడా మింగేదే, ఆవిడ వెనక్కి లాక్కున్నారు.

"తిన్నాదే! అమ్మాయ్, తిన్నాదే!" అని ఆవిడ చిన్నపిల్లలా కేకలు పెట్టారు. ఆ కేకకో, అంతకుముందు కూతకో, టవర్ మీది తల్లిగద్ద ఒక్క దూకున వచ్చి ఆవిడ హెల్మెట్ మీద టక్కున తన్ని పోయింది. ఆవిడ తూలి నా మీద పడ్డారు. నేను పిట్టగోడ పట్టుకున్నాను. దెబ్బ తగిలిందేమో అని నేను హడలిపోతుంటే, ఆవిడ హెల్మెట్ అద్దం పైకెత్తి, "చూసేవా, వచ్చేడు!" అన్నారు. ఆ మొహంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ మధ్యాహ్నం మామగారు కొట్టు నుంచి ఫోన్ చేశారు. ఆయన ఆ వేళప్పుడు ఇంటికి ఎప్పుడూ ఫోన్ చెయ్యరు. కూరేమిటి, పోస్టు వచ్చిందా, అని రెండు మూడు మాటలు అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "తిన్నాదా?" అన్నారు.

తర్వాత తల్లిగద్ద మెల్లగా దారికొచ్చింది. మొదట ట్యాంకు మీద వాలింది. మర్నాడు తట్ట అంచు మీద వాలింది. ఆ సాయంత్రం కాళ్ళలో ఎలక పట్టుకొచ్చి, చీల్చి పిల్ల నోట్లో పెట్టింది. అత్తగారు పై మెట్టు మీద నుంచి అదంతా చూస్తున్నారు. "ఎలక కూడానా?" అన్నారు నీరసంగా. కాసేపు ఆలోచించి, "ఎలక వినాయకుడిది కదే. ఒకరి బండి తోలేవాడికి ఇంకొకరి బండి తోలేవాడంటే పడదు" అని సర్దుకున్నారు.

అయినా పొద్దున్న పూట కవళ్ళు ఆగలేదు. అది టిఫినట. చేపలావిడ రోజూ మా గేటు దగ్గర బుట్ట దించేది. "పిల్లకి మెడ నిలిసిందా? ఈకలు వచ్చేయా?" అని అడిగేది. ముందు అత్తగారు గేటు లోపలా ఆవిడ గేటు బయటా ఉండేవారు. తర్వాత ఇద్దరూ అరుగు మీదే, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. తన పిల్లల్ని ఎలా పెంచిందో ఆవిడ, తన పిల్లాణ్ణి ఎలా పెంచారో ఈవిడ. మా ఆయన చిన్నప్పటి గుట్లు నాకు తెలిసింది ఆ అరుగు మీదే. కొంగు ముక్కు మీదకి ఎప్పటి నుంచి వెళ్ళడం మానేసిందో నేను గమనించలేదు.

ఈ టిఫిన్ ఆపించింది నేనే. నాకు ఇష్టమై కాదు. పిల్ల మా అడుగుల చప్పుడికే నోరు తెరుస్తోంది. మనిషి చేతి తిండి మరిగిన గద్ద రేపు బడిపిల్లల చేతిలోది లాక్కుంటుంది, ఎవరో రాయి విసురుతారు. అదే చెప్పాను. "తల్లిదండ్రులున్నారు అత్తయ్యా. ఇప్పుడు మనం పెట్టేది దానికి మేలు కాదు."

ఆవిడ వాదించలేదు. అదే నాకు ఆశ్చర్యం. హెల్మెట్ మేకుకి తగిలించి, మెట్ల మొదట్లో కుర్చీ వేసుకున్నారు. పైనుంచి పిల్ల కూతలు వినిపించేవి. ఆకలి కూతలు. ఒక్కోసారి లేచి రెండు మెట్లెక్కి మళ్ళీ దిగిపోయేవారు. "తల్లి వచ్చినట్టుందా, చూడు" అని నన్ను పంపేవారు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. గద్దపిల్ల కోమట్ల ఇంటి పెద్దావిడకి ముద్దవుతుందని ఎవరనుకుంటారు? ఆ రోజుల్లో ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

పిల్ల ముందు తట్ట అంచున నిలబడి రెక్కలు కొట్టుకుంది. తర్వాత పిట్టగోడ మీద నడిచింది. అది ఎగిరింది మాత్రం మే నెలలో ఒక పొద్దున్న, చేపల వేళకి. అత్తగారు, చేపలావిడ అరుగు మీద ఉన్నారు. నేను కాఫీ తెస్తున్నాను. పైనుంచి దబదబమని రెక్కల చప్పుడు. మా తలల మీదుగా, కాళ్ళు వేలాడేసుకుని, పడుతూ లేస్తూ వెళ్ళి, ఆ కరెంటు స్తంభం మీద వాలింది. చేపలావిడ కేక ఆపే స్తంభం అది. బరువు నిలుపుకోలేక రెక్కలు విప్పి, తోక సగం విప్పింది. ఎండ తోకలోంచి కనిపిస్తోంది. నడుమ నొక్కుతో, చేప తోకలా, స్పష్టంగా.

నేను నోరు విప్పలేదు. జీవితంలో మొదటిసారి అనుకుంటా. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఆ తోకకేసి చూశారు. చాలాసేపు చూశారు. "కళ్ళు పడతాయి, ఊరికే చూడకండి" అని మా ఇద్దర్నీ కసిరి, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

కొన్నాళ్ళు తల్లిదండ్రులు దాన్ని వెంటేసుకు తిరిగారు. గద్దపిల్ల ఎగిరినంత మాత్రాన వేట రాదు, నేర్చుకోవాలి. వానలు మొదలయ్యేసరికి మూడూ కనిపించడం మానేశాయి. అంటే కనిపించడం మానెయ్యలేదు, ఆకాశం నిండా గద్దలే. మాది ఏదో తెలియడం మానేసింది. చేపలావిడ ఇప్పుడు మా గేటు ముందు కూడా కేక ఆపదు. మామగారు మొహం చిట్లించుకుని పేపరు ఎత్తుకుంటారు. ఆవిడ అరుగు మీద బుట్ట దించి, కాఫీ తాగి, వెళ్ళేటప్పుడు కొట్టు బెల్లం ఓ చెక్క తీసుకుంటుంది. చేప ఇప్పటికీ గడప దాటలేదు. దాటాల్సిన పనేముంది, అరుగు చాలా పెద్దది.

మొన్నో శనివారం, చేపలావిడ బుట్ట మీద తడిగుడ్డ తీసిందో లేదో, పైనుంచి ఒక గద్ద జారుకుంటూ వచ్చి కవళ్ళ కుప్పలో ఒకదాన్ని తన్నుకుపోయింది. గాలిలోనే కాళ్ళు ముందుకు మడిచి, వంగి తింటూ, తీరుబడిగా మా మేడ మీద ఒక చుట్టు తిరిగింది. మట్టిరంగు ఒళ్ళు, చీలిన తోక. అచ్చమైన చేపల బజారు దొంగ.

"నీ జిమ్మడ!" అని చేపలావిడ కర్ర ఎత్తింది.

"కొట్టకే!" అని అత్తగారు ఆ చెయ్యి పట్టుకున్నారు. రెండో చేత్తో గబగబా చెంపలేసుకున్నారు. తర్వాత చెయ్యి వదిలేసి, నిండుగా రెండు చేతులూ జోడించి పైకి చూస్తూ నిలబడ్డారు.

నాకు మళ్ళీ ఆ దురద వచ్చేసింది. "అది గరుడ పక్షి కాదు అత్తయ్యా."

"నాకు తెల్సే. ఆ వేళే తోక చూసేను" అన్నారు ఆవిడ, పైనుంచి చూపు తిప్పకుండానే. "గరుత్మంతుడికి దండం పెట్టేవాళ్ళు ఊరంతా ఉన్నారు. గద్దకి ఎవరున్నారే?"

నేను కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి చెంపలేసుకున్నాను. చేపలావిడ కూడా కర్ర దించి, "మరి నా కవళ్ళ మాటేటి?" అని గొణుక్కుంటూనే, ఓ చేత్తో దండం పెట్టింది.